కీ ఇచ్చే ముందు

అమ్మలూ,

"అమ్మా, ఆ రేకు రైలు పిల్లలకి పంపిస్తావా" అని నువ్వడగడం, సరేనని నేననడం ఫోన్‌లో అర నిమిషంలో అయిపోయాయి. తరవాత అటక మీంచి పెట్టె దింపి మూత తీశాక తెలిసింది, ఇది అర నిమిషంలో తేలే సంగతి కాదని. మళ్లీ ఫోన్ చేసి చెబుదామంటే నువ్వు ఒక చెవి ఇటు, ఒక చెవి పిల్లల వైపు పెడతావు. అందుకే రాస్తున్నాను. పెట్టె తెరిచే ముందు చదువు. కుదరకపోతే కనీసం ఇంజనుకి కీ ఇచ్చే ముందైనా చదువు.

పెట్టెలో ఒకటి కాదు, మూడు రైళ్లున్నాయి. తాతయ్యది, మామయ్యది, నీది. నాదంటూ ఒకటి లేదు. దాని సంగతికి తరవాత వస్తాను.

ఒకదాని పట్టాల మీద ఇంకొకటి నడవదని పిల్లలకి ముందే చెప్పు. చెప్పినా ప్రయత్నిస్తారనుకో, నువ్వూ ప్రయత్నించావు. తాతయ్య రైలుకి పట్టాల మధ్య ఎడం 32 మిల్లీమీటర్లు. మామయ్యదానికి 16.5. పెద్దదాని కొలతని అందరూ "ఓ" గేజ్ అంటారు గానీ అసలది అక్షరం కాదు, సున్నా. 1891లో జర్మనీలో లీప్‌జిగ్ సంతలో మార్‌క్లిన్ కంపెనీ వాళ్లు కీ ఇచ్చే రైళ్లని వరసైన కొలతలతో, ఒకదానికొకటి అతికే పట్టాలతో పెట్టి అమ్మారు. ఆ కొలతలకి ఒకటి, రెండు, మూడు అని పేర్లు. ఆ తరవాత ఒకటి కంటే చిన్న బండి వచ్చేసరికి ఇక మిగిలింది సున్నాయే. అందులో సగం చేసినప్పుడు దానికి "సగం సున్నా" అని పేరు పెట్టారు, అదే హెచ్‌ఓ. "సున్నాలో సగం ఎంతో లెక్క కట్టి చెప్పు" అని మీ తాతయ్య మామయ్యని ఏడిపించేవారు. సున్నాయే కదా అని వాడు చెబితే, "మరి డబ్బు మాత్రం సగం కాలేదేం?" అనేవారు.

తాతయ్య రైలు ఆయనకి ఏడో ఏట వాళ్ల నాన్న ఇచ్చింది. నల్ల ఇంజను, దాని వెనక బొగ్గు పెట్టె, రెండు ప్రయాణికుల పెట్టెలు, చివర సామాన్ల పెట్టె. అంతా తగరపు పూత పూసిన పల్చటి ఇనప రేకే. కిటికీలు, తలుపులు, వాటికి పిడులు, కిటికీలో టోపీ పెట్టుకున్న మనిషి తల, అన్నీ రేకు మీద అచ్చు వేసినవే. ఆ టోపీ మనిషి రెండు పెట్టెల్లోనూ అదే కిటికీలో, అదే వైపు చూస్తూ కూర్చునుంటాడు. వీళ్లిద్దరూ అన్నదమ్ములని నేనూ మామయ్యా అనుకునేవాళ్లం. ఎవరు చేసిన బండో అడుగున ముద్ర ఉండేది, ఇప్పుడది పూర్తిగా అరిగిపోయింది.

ఇంజను పక్కన చిన్న కన్నం ఉంటుంది. కీ అందులో పెట్టి తిప్పితే లోపల ఉక్కు పట్టీ చుట్టుకుంటుంది. తిప్పుతున్నప్పుడు వినపడే కటకట శబ్దం, చుట్టింది వెనక్కి వదిలిపోకుండా పట్టి ఉంచే చిన్న నాలికది. వదిలాక ఇంకో శబ్దం, సన్నగా, తేనెటీగ మూతేసిన డబ్బాలో తిరిగినట్టు. అది వేగాన్ని పట్టి ఉంచే భాగానిది. అది లేకపోతే స్ప్రింగు బలమంతా ఒక్కసారే వదిలి, మొదటి మలుపులోనే బండి ఎగిరి గోడకి కొట్టుకుంటుంది. బండి బాగుందో లేదో నేను ఇప్పటికీ కళ్లతో చూసి చెప్పను, ఆ శబ్దం విని చెబుతాను. ఎందుకంటే చిన్నప్పుడు నాకు వినడం ఒక్కటే ఇచ్చారు.

పట్టాలు పరిచేది నాన్న. కీ ఇచ్చేది అన్నయ్య. నాకు ఎర్ర జెండా. పాత ఎర్రగుడ్డ ముక్క చింపి పుల్లకి కట్టి నా చేతిలో పెట్టారు. బండి వస్తుంటే జెండా దించాలి, వెళ్లాక ఎత్తాలి. నేను పట్టాల పక్కన బోర్లా పడుకుని, గడ్డం నేలకానించి, జెండా పట్టుకునేదాన్ని. నేను దించినా దించకపోయినా బండి ఆగేది కాదు, అది వేరే సంగతి. జెండా అంచులు కుట్టలేదు, పోగులు ఊడొస్తూ ఉండేవి. "దాన్ని ఇలా తే, అంచు మడిచి కుట్టిస్తాను" అని అమ్మ రోజూ అనేది. జెండా ఇచ్చేస్తే ఉన్న ఉద్యోగం కూడా పోతుందని నేను ఇవ్వలేదు.

కీ ఒక్కసారి ఇస్తానంటే, "నువ్వు ఎక్కువ తిప్పి స్ప్రింగు తెంపుతావు" అనేవాడు అన్నయ్య. నాన్న కూడా "వాడు చూసుకుంటాడులేమ్మా" అనేవారు. మంచి మనిషే, మెత్తటి మనిషే, కానీ ఆ మాట అనేవారు. ఆ రోజుల్లో రైలు బొమ్మంటే మగపిల్లల వస్తువని అన్ని దేశాల వాళ్లూ అనుకున్నట్టే ఉంది. అమెరికాలో లయొనెల్ అని ఒక పెద్ద కంపెనీ ఉండేది. దాని యజమాని 1900 దాటిన కొత్తలో దుకాణం కిటికీలో సరుకులు చూపించడానికి కరెంటు బండి ఒకటి తయారుచేస్తే, జనం సరుకులు వదిలేసి ఆ బండిని అడిగారట. అలా మొదలైన కంపెనీ, 1957లో ఆడపిల్లల కోసమని గులాబీ రంగు ఇంజనుతో, లేత నీలం, లేత పసుపు పెట్టెలతో ఒక రైలు తెచ్చింది. అది అమ్ముడుపోలేదు. ఆడపిల్లలకీ నిజం రైల్లా ఉండే రైలే కావాలని వాళ్లకి తోచలేదు. అప్పుడు ఎవరూ కొనని ఆ గులాబీ రైలుకి ఇప్పుడు పాత బొమ్మలు పోగేసేవాళ్లు ఎంతయినా ఇస్తున్నారు. నాకు మాత్రం ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నారు. పట్టాలు పరిచే ఉన్నాయి. కీ బల్ల మీద ఉంది. నేను జెండా పక్కన పెట్టి ఇంజను ఒళ్లో పెట్టుకుని కీ తిప్పాను. లెక్కపెట్టుకుంటూ ఏడుసార్లు. అన్నయ్య పది తిప్పేవాడు, అందుకని భయపడి ఏడుకే ఆపాను. వదిలాను. బండి సగం చుట్టు తిరిగింది, మూలిగినట్టు ఒక శబ్దం చేసి ఆగిపోయింది. తోశాను. కదల్లేదు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు.

ఆ సాయంత్రం అన్నయ్య కీ పెట్టి చూసి, "తెంపేసింది" అన్నాడు. నాన్న తిట్టలేదు. ఇంజను చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ చూసి, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశారు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. ఆ తరవాత ఇంట్లో రేడియో మూగబోయినా, గడియారం ఆగినా అన్నయ్య అడిగే మొదటి ప్రశ్న "దాని చేతికిచ్చారా?" అని. నవ్వులాటకే అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ పెళ్లయ్యాక కూడా, ఇంట్లో కొత్త మిషను ఏదొచ్చినా మొదటి మీట నేను నొక్కేదాన్ని కాదు, మీ నాన్న చేత నొక్కించేదాన్ని. నువ్వు గమనించావో లేదో.

రెండో రైలు, కరెంటుది, అన్నయ్యకి కొన్నది. దాని గురించి పెద్దగా చెప్పను. రెండు పట్టాల్లో ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు, 12 వోల్టులు. తీగలు అటుదిటు మారిస్తే బండి వెనక్కి నడుస్తుంది. రెండేళ్లలో అన్నయ్యకి మోజు తీరిపోయి, పట్టాలకి మురికి పట్టి, చివరికి "నువ్వే ఉంచుకో" అన్నాడు. నేను చేసిన మొదటి పని పట్టాలని ఉక్కు పీచుతో మెరిసేదాకా తోమడం. రాలిన సన్నటి ఉక్కు పోగులన్నిటినీ మోటారులోని అయస్కాంతం లోపలికి లాగేసుకుంది. కాలిన వాసనొచ్చి ఆగిపోయింది. ఈసారి తప్పు నిజంగా నాదే, ఎవరూ అననక్కర్లేదు. ఆ మోటారు విప్పి ఒక్కో పోగూ సూది మొనతో తీయడంతోనే నాకు ఈ విద్య మొదలైంది. కాబట్టి నువ్వు పట్టాలని మెత్తటి గుడ్డకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడువు. ఉక్కు పీచు వద్దు, గరుకు కాగితం అసలే వద్దు. గీతలు పడితే మురికి వాటిలోకే చేరుతుంది.

మూడోది నీ చెక్క రైలు. ఇది నీకు గుర్తుండాలి. పెట్టెలకి ఒక కొసన అయస్కాంతం ఉత్తర ధ్రువం, రెండో కొసన దక్షిణం. పెట్టె తిరగబడితే దగ్గరికి రాదు, తోసేకొద్దీ దూరం జరుగుతుంది. నీకు నాలుగేళ్లప్పుడు పసుపు పెట్టె ఎర్ర పెట్టె దగ్గరికి రానంటే, వాటికి పోట్లాట అయిందని చెప్పి ఏడ్చావు. తిప్పి పెట్టి చూపించాను. కలిశాయి. "ఇప్పుడు ఇది వెనక్కి చూస్తూ కూచుంటుందా?" అన్నావు, మళ్లీ ఏడ్చావు.

నువ్వు పై చదువుకి ఇల్లు వదిలి వెళ్లిన ఏడాదే మీ తాతయ్య పోయారు. సామాన్లు పంచుకున్నప్పుడు మామయ్య ఈ పెట్టె చూసి, "నాకెందుకు, పాడైపోయిందేగా" అన్నాడు. నేను తెచ్చుకున్నాను. చాలా రోజులు తెరవలేదు. ఒక రాత్రి నిద్రపట్టక బల్ల మీద గుడ్డ పరిచి ఇంజను విప్పడానికి కూర్చున్నాను.

రేకు బండికి మరలు తక్కువ. ఒక రేకుకున్న చిన్న చిన్న చెవులు ఇంకో రేకు కన్నాల్లోంచి దూర్చి మడిచి ఉంటాయి. ఆ చెవిని నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే విరుగుతుంది. అందుకే విప్పేవాడికి దేవుడిచ్చిన అవకాశాలు లెక్కలోనే ఉంటాయి. మెల్లగా, ఒక్కసారే లేపాను. పై తొడుగు ఊడొచ్చింది. లోపల స్ప్రింగు కనపడింది.

తెగలేదు, అమ్మలూ. చెక్కుచెదరకుండా నీలంగా మెరుస్తోంది. ఆ మధ్యాహ్నం నేనిచ్చిన ఏడు చుట్లలో సగం ఇంకా అందులోనే ఉన్నాయి. ముప్పై ఏళ్లకి పైగా అలాగే బిగుసుకుని ఉన్నాయి.

పళ్ల చక్రాల మధ్య గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది. అదేమిటో వెంటనే తెలిసింది. అన్నయ్య వంటింట్లోంచి నూనె తెచ్చి చుక్క వేయడం నేను ఎన్నోసార్లు చూశాను. నాన్న కుట్టుమిషను నూనె వేసేవారు, అది అయిపోతే వాడు ఇది వేసేవాడు. వంటనూనె గాలి తగిలి తగిలి బంకలా గట్టిపడుతుంది. అంటే తప్పు వాడిదన్నమాట! నిజం చెబుతున్నాను, ఆ అర్ధరాత్రి ఒక్కదాన్నే కూర్చుని పైకి నవ్వాను. ఫోన్ చేసి లేపుదామా అనుకున్నాను.

కిరోసిన్‌లో ముంచిన చిన్న కుంచెతో జిగురు కడుగుతున్నాను. వెనక ఇరుసు దగ్గరికొచ్చేసరికి, చక్రానికీ చట్రానికీ మధ్య ఏదో ఉంగరంలా చుట్టుకుని ఉంది. నల్లగా ఉంది, జిగురే అనుకున్నాను. కుంచె తగిలి కొంచెం తేటపడింది. ఎరుపు.

పట్టకారుతో కొస పట్టుకుని లాగాను. వస్తూనే ఉంది. విప్పి పరిస్తే నా చూపుడువేలికి రెండింతలు పొడుగు, ఎర్ర నూలుపోగు. దాని రెండో కొస పళ్ల చక్రంలోకి వెళ్లి నలిగి ముద్దయింది. నేల మీద బోర్లా పడుకుని, పట్టాలకి ఆనించి పట్టుకున్న జెండా పోగు అది. ఏడుసార్లు తిప్పడం వల్ల కాదు, పది తిప్పినా ఏమయ్యేది కాదు. స్ప్రింగు నిండితే కీ దానంతటదే ఆగుతుంది, అక్కడ మొండిగా బలం పెట్టకపోతే చాలు. వాడు అన్నది అబద్ధమే. కానీ బండిని ఆపింది మాత్రం నేనే. నేను చేయకూడదన్న పని చేసినందుకు కాదు, నాకు అప్పజెప్పిన పని చేస్తున్నప్పుడు.

ఫోన్ చేయలేదు.

పోగు తీసి, చక్రాలు ఆరబెట్టి, కుట్టుమిషను నూనె సూది మొన మీద ఎంత నిలుస్తుందో అంతే వేశాను. నాలిక కొంచెం ఎత్తగానే ఆ పాత చుట్లు జుయ్యిమని విప్పుకున్నాయి. వేలు పక్కకి తీయకపోయి ఉంటే కోసుకునేది. కొత్తగా కీ ఇచ్చాను, పది. పట్టాలు పరిచే ఓపిక లేక బల్ల మీదే వదిలాను. అంచు దాకా వెళ్లేలోపు పట్టుకున్నాను. తేనెటీగ శబ్దం అలాగే ఉంది.

ఇక జాగ్రత్తలు. సామాన్ల పెట్టె చక్రాల్లో ఒకదానికి పగుళ్లు ఉంటాయి, అంచు పొడిపొడిగా రాలుతుంది. పిల్లలు తొక్కారనో, నేను పడేశాననో అనుకోకు. ఆ కాలంలో జింకు కలిపి పోత పోసిన చక్రాల్లో కొంచెం సీసం కలిసిపోతే, అవి ఏళ్లు గడిచేకొద్దీ లోపల్నించే ఉబ్బి బీటలు వారతాయి. పోత పోసిన రోజే రాసిపెట్టి ఉంది. దానికి మందు లేదు. అంటించడానికి చూడొద్దు, ఆ పెట్టెని తగిలించకుండా మిగతావి నడపండి. రంగు కూడా పాతకాలపుది, సీసం ఉండే అవకాశం ఎక్కువ. చిన్నది ఇంకా చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటోందని చెప్పావు కదా. రేకు రైలు నీ ఎదురుగా ఉన్నప్పుడే దాని చేతికివ్వు, ఆడాక చేతులు కడిగించు. రేకు అంచులు పదును. రోజూ ఆడుకోవడానికి చెక్క రైలు ఉంది.

దాచేటప్పుడు స్ప్రింగు పూర్తిగా వదిలేసి దాచు. ప్లాస్టిక్ సంచిలో చుట్టకు, తేమ లోపలే ఉండిపోయి తుప్పు పడుతుంది. రబ్బరు బ్యాండు వేయకు, ఏళ్లకి అది కరిగి రంగుకి అంటుకుంటుంది. తాతయ్య పెట్టెల్లో ఒకదాని మీద అడ్డంగా ఉన్న మచ్చ అలా వచ్చిందే. పాతబడిందని రంగు వేయించాలన్న ఆలోచన వస్తే నాకు ఫోన్ చెయ్యి, మాన్పిస్తాను.

కరెంటు రైలుకి పాత ట్రాన్స్‌ఫార్మర్ పంపడం లేదు. దాని తీగ పైతొడుగు పెళుసెక్కి రాలుతోంది. అది ఇంటి కరెంటుని 12 వోల్టులకి తగ్గించే పెట్టె, అందులో పాతదనాన్ని గౌరవించక్కర్లేదు. కొత్తది కొనుక్కోండి.

సామాన్ల పెట్టె తలుపు పక్కకి జరుగుతుంది. జరిపి చూస్తే లోపల మడిచిన చిన్న కాగితం ఉంటుంది. చెత్త అనుకుని పారేయకు. అందులో ఆ ఎర్ర పోగు ఉంది.

మామయ్య వచ్చే నెల మీ ఇంటికొస్తానన్నాడట కదా. రైలు చూడగానే "ఇది మీ అమ్మమ్మ తెంపేసిన బండి" అని పిల్లలకి కథ మొదలుపెడతాడు. నువ్వు అడ్డు చెప్పకు. మొత్తం చెప్పనివ్వు. తరవాత కీ వాడి చేతికే ఇవ్వు. బండి తిరగడం వాడు చూశాక, కాగితం విప్పాలో వద్దో నీ ఇష్టం. వంటనూనె సంగతి మాత్రం నాకు వదిలెయ్యి, అది నేనే చెప్పాలి.

పిల్లలిద్దరికీ చెరో జెండా చేసి పెట్టాను, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. అంచులు రెండు మడతలు వేసి కుట్టాను. కీ మాత్రం ఒక్కటే ఉంది. దానికోసం ఎలా కొట్టుకుంటారో మీరూ మీరూ చూసుకోండి.

మీ అమ్మ